సోరియాసిస్‌కు విటమిన్ డి పైపూత మందులు: కొలత, రాసే క్రమం, ఫలితం చూసుకునే పద్ధతి

"రెండు వారాలుగా రాస్తున్నాను, కాస్త మంట తప్ప మార్పేమీ కనిపించలేదు, ఆపేయమంటారా?" కాల్సిపోట్రియోల్ వంటి మందులు వాడుతున్నవారి నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఇది. దీనికి జవాబు చెప్పే ముందు నేను ఎదురు ప్రశ్న ఒకటి వేస్తాను: రోజుకు ఎన్ని గ్రాములు రాస్తున్నారు? ఆ లెక్క చెప్పగలిగినవారు చాలా తక్కువ. "కొంచెం", "పలుచగా", "సరిపడా" అన్న మాటలే వినిపిస్తాయి. ఈ మందు విఫలమైందని పక్కన పెట్టిన సందర్భాలలో చాలావాటిలో తప్పు మందుది కాదు, కొలతది, లేదా దానితో పాటు రాసిన మరో మందుది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు కొలతకే ఇస్తున్నాను.

మీకు వైద్యుడు ఇప్పటికే సోరియాసిస్ అని నిర్ధారించి, ఈ మందు రాసి ఇచ్చారని అనుకుని మాత్రమే ఇక్కడి సూచనలు చదవండి. పొలుసులు రాలే ప్రతి మచ్చా సోరియాసిస్ కాదు. తామర కూడా గుండ్రంగా, పొలుసులతో కనిపిస్తుంది, దానికి కావలసిన మందు పూర్తిగా వేరు.

ఇవి ఏ మందులు

సోరియాసిస్‌లో చర్మపు పైపొర కణాలు అతివేగంగా పుడతాయి. అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి మామూలుగా నెల రోజుల వరకు పట్టాలి, మచ్చ ఉన్నచోట అది కొద్ది రోజుల్లోనే జరిగిపోవడంతో పక్వం కాని కణాలు పేరుకుని మందపాటి పొలుసులుగా తయారవుతాయి. విటమిన్ డి పోలికతో తయారుచేసిన మందులు ఆ వేగాన్ని తగ్గించి, కణాలు సక్రమంగా పక్వమయ్యేలా చేస్తాయి. ఈ దారి దొరికింది కొంత యాదృచ్ఛికంగానే: 1985లో జపాన్‌లో ఎముకల బలహీనతకు విటమిన్ డి జాతి మందు మింగుతున్న ఒక రోగికి సోరియాసిస్ కూడా బాగా తగ్గిపోయిందని వైద్యులు గమనించారు. అయితే అలాంటి మందును ఎక్కువగా మింగితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది కనుక, చర్మంపై పనిచేసి రక్తంలోకి వెళ్లగానే త్వరగా విరిగిపోయే అణువులను రూపొందించారు. కాల్సిపోట్రియోల్ ఆ కోవలోనిదే. కాల్షియంపై దాని ప్రభావం కాల్సిట్రియోల్ (శరీరంలో సహజంగా తయారయ్యే విటమిన్ డి చురుకైన రూపం) ప్రభావంకన్నా సుమారు 100 నుంచి 200 రెట్లు తక్కువ.

మీ చేతిలో ఉన్న ట్యూబు సాధారణంగా ఈ కింది వాటిలో ఒకటై ఉంటుంది:

- కాల్సిపోట్రియోల్: గ్రాముకు 50 మైక్రోగ్రాములు. కొన్ని దేశాలలో దీనినే కాల్సిపోట్రీన్ అంటారు, రెండూ ఒకటే. రోజుకు ఒకసారి లేదా రెండుసార్లు.
- కాల్సిట్రియోల్: గ్రాముకు 3 మైక్రోగ్రాములు. రోజుకు రెండుసార్లు.
- టాకాల్సిటోల్: గ్రాముకు 4 మైక్రోగ్రాములు. రోజుకు ఒక్కసారే, పడుకునే ముందు.
- కాల్సిపోట్రియోల్, బీటామెథాసోన్ కలిసిన మందు: రోజుకు ఒక్కసారే. ఇందులో బలమైన స్టెరాయిడ్ ఉంది కనుక దీని నియమాలు వేరు, అవి కింద విడిగా చెప్పాను.

మైక్రోగ్రాముల అంకెలను పోల్చి "50 ఉన్నది 3 ఉన్నదానికన్నా బలమైనది" అనుకోవద్దు. అవి వేర్వేరు అణువులు, అంకెలను నేరుగా పోల్చలేము. విటమిన్ డి మాత్రలు మింగితే ఈ ఆయింట్‌మెంట్ అవసరం తీరుతుందా అని కూడా చాలామంది అడుగుతారు. తీరదు. మాత్ర మీ శరీరంలో విటమిన్ లోటును పూడ్చడానికి, ఆయింట్‌మెంట్ మచ్చ మీద ఎక్కువ మోతాదులో పనిచేయడానికి. ఒకదాని బదులు మరొకటి వాడేవి కావు.

మొదలుపెట్టే ముందు వైద్యుడికి తప్పక చెప్పవలసినవి

రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉన్నా, కాల్షియం సమతుల్యతకు సంబంధించిన జబ్బు ఏదైనా ఉన్నా ఈ మందులు వాడకూడదు. మూత్రపిండాల జబ్బు, కాలేయపు జబ్బు, మూత్రపిండాలలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి. మీరు వాడుతున్న మందుల జాబితాలో కాల్షియం మాత్రలు, అధిక మోతాదు విటమిన్ డి, రక్తపోటుకు ఇచ్చే థయజైడ్ జాతి మూత్రవర్ధక మాత్రలు ఉన్నాయేమో చూసుకోండి, ఇవన్నీ కాల్షియంను అదే దిశలో తోసేవే. గర్భవతులు, పాలిచ్చే తల్లులు సొంతంగా మొదలుపెట్టకూడదు. ఒళ్లంతా ఎర్రబడిపోయినా, చీము పొక్కులతో ఉన్నా అది పైపూతతో ఇంట్లో చూసుకునే స్థితి కాదు, వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

కావలసినవి

- వైద్యుడు రాసిన ట్యూబు. అట్టపెట్టెను, లోపలి కాగితాన్ని పారేయకండి.
- సువాసన లేని మాయిశ్చరైజర్.
- మెత్తటి తువ్వాలు, గోరువెచ్చని నీరు, చేతులు కడుక్కోవడానికి సబ్బు.
- ఒక చిన్న నోటుపుస్తకం లేదా క్యాలెండరు, ఫొటో తీయడానికి ఫోను.
- ట్యూబు మీద తేదీ రాయడానికి చెరగని పెన్ను. చూడ్డానికి చాదస్తంలా అనిపించినా, కొలత తప్పిందో లేదో కనిపెట్టేది ఇదే.

చేయవలసిన క్రమం

1. ట్యూబు చదవండి. పెట్టె మీద బీటామెథాసోన్ అనే పేరు ఉందో లేదో మొదట చూడండి. ఒకే సంస్థ తయారుచేసే సాదా మందు, స్టెరాయిడ్ కలిసిన మందు పేరులోనూ పెట్టె రంగులోనూ దగ్గరగా ఉండడంతో ఒకదాని బదులు మరొకటి ఇంటికి వచ్చే ప్రమాదం ఉంది. సాదాది అనుకుని స్టెరాయిడ్ కలిసినదాన్ని నెలల తరబడి రాయడం, ఈ మందుల విషయంలో జరిగే తప్పులలో బరువైనది.

2. మచ్చల విస్తీర్ణం కొలవండి. వేళ్లు దగ్గరగా చేర్చి, వేళ్లతో సహా మీ అరచేతిని మచ్చపై ఊహించుకోండి. ఒక అరచేయి అంటే మీ శరీర చర్మంలో సుమారు ఒక శాతం. మోచేతి మచ్చ అర, మోకాలిది ఒకటి, నడుము మీదివి రెండు అంటూ కూడి మొత్తం రాసుకోండి. మొత్తం పది అరచేతులు దాటుతుంటే, పైపూత ఒక్కదానితో నెట్టుకురావడం కష్టమని గుర్తించి, కాంతి చికిత్స (చర్మంపై అతినీలలోహిత కాంతిని పడనిచ్చే వైద్యం) లేదా మింగే మందుల గురించి వైద్యునితో మాట్లాడండి.

3. మోతాదు లెక్క కట్టండి. పెద్దవారి చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత వరకు, ట్యూబు నుంచి ఒక వరుసగా పిండిన మందును ఒక వేలికొన కొలత అంటారు. ట్యూబు మూతి 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నప్పుడు అది సుమారు అర గ్రాము, రెండు అరచేతుల మేర చర్మానికి సరిపోతుంది. పిల్లలకు రాసేటప్పుడు కూడా కొలిచేది పెద్దవారి వేలితోనే.

ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూద్దాం. మీ మచ్చలు మొత్తం ఆరు అరచేతులంత ఉన్నాయనుకోండి. ఒక్కసారి రాయడానికి మూడు వేలికొనలు, అంటే ఒకటిన్నర గ్రాములు కావాలి. రోజుకు రెండుసార్లయితే 3 గ్రాములు, వారానికి 21 గ్రాములు. 30 గ్రాముల ట్యూబు పది రోజుల్లో అయిపోవాలి, ఎనిమిది వారాలకు 168 గ్రాములు, అంటే దాదాపు ఆరు ట్యూబులు కావాలి. ఇంతే మచ్చలున్న మనిషి ఒకే ట్యూబును రెండు నెలలు నడిపిస్తే ఆయనకు అందింది అవసరమైన మందులో ఆరోవంతు మాత్రమే. "రెండు నెలలు వాడినా పని చేయలేదు" అన్న ఫిర్యాదు వెనుక ఈ లెక్క ఉందేమో చూసుకోకుండా మందు మార్చడం వల్ల ప్రయోజనం లేదు.

4. పై హద్దు తెలుసుకోండి. పెద్దవారికి కాల్సిపోట్రియోల్ వారానికి 100 గ్రాములు మించకూడదు. ఆ హద్దు ఒక్క ట్యూబుకే కాదు, అన్ని రూపాలకూ కలిపి. తలకు వాడే ద్రవం, ఒంటికి రాసే ఆయింట్‌మెంట్ రెండూ వాడుతుంటే వాటిలోని కాల్సిపోట్రియోల్ మొత్తం వారానికి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాల్సిట్రియోల్ రోజుకు 30 గ్రాములు మించకుండా, శరీరంలో 35 శాతం దాటకుండా వాడాలి. టాకాల్సిటోల్ రోజుకు 10 గ్రాములలోపే. పిల్లలకు హద్దులు ఇంకా తక్కువ, వాటిని వైద్యుడే నిర్ణయించాలి. నాలుగైదు అరచేతుల మచ్చలున్నవారు ఈ హద్దుల దరిదాపులకు కూడా రారు కనుక, ప్రమాదమేమోనన్న భయంతో మందు తగ్గించుకోవలసిన పని వారికి లేదు.

5. ముందు ఒక మచ్చ మీద పరీక్షించండి. మోచేయి లేదా మోకాలి దగ్గరి ఒక మచ్చను ఎంచుకుని మూడు రోజులు అక్కడ మాత్రమే రాయండి. కొద్దిపాటి చురుకు, దురద సహజం. మచ్చ అంచు దాటి పక్క చర్మం ఎర్రబడి వాచినా, నీరుకారినా ఆపి వైద్యునికి చూపండి. ఏమీ కాకపోతే మిగతా మచ్చలకు వెళ్లండి.

6. చర్మం సిద్ధం చేయండి. గోరువెచ్చని నీటితో స్నానం చేసి, రుద్దకుండా అద్ది ఆరనివ్వండి. పొలుసులను గోటితోనో రాయితోనో పెకలించవద్దు. సోరియాసిస్ ఉన్నవారిలో చర్మానికి గాయమైనచోట కొత్త మచ్చ లేవవచ్చు. పొలుసు మరీ మందంగా ఉంటే మందు లోపలికి దిగదు, అది నిజమే. అలాంటప్పుడు ముందు కొన్ని రోజులు మాయిశ్చరైజర్‌తోనో, వైద్యుడు చెప్పిన పొలుసు కరిగించే మందుతోనో పొర పలచబరచి, ఆ తర్వాత ఈ మందు మొదలుపెట్టడం మేలు. రెండూ ఒకేసారి ఎందుకు వద్దో తప్పుల దగ్గర చెబుతాను.

7. మాయిశ్చరైజర్ ముందా, మందు ముందా? ఏది ముందైనా, రెండింటి మధ్య కనీసం అరగంట ఎడం ఉండాలన్నదే ముఖ్యం. స్నానం కాగానే మాయిశ్చరైజర్ రాసుకుని, అది ఇంకిన తర్వాత మందు రాయడం చాలామందికి వీలుగా ఉంటుంది. అరచేతిలో రెండూ కలిపి ఒకేసారి పూయడం మాత్రం చేయవద్దు.

8. మచ్చ మీద మాత్రమే రాయండి. కొలిచిన మందును మచ్చ మధ్యలో పెట్టి అంచుల వైపు మెల్లగా పరచండి, ఇంకేదాకా గట్టిగా రుద్దనక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్న పక్క చర్మంపై పడితే అక్కడే చికాకు ఎక్కువగా వస్తుంది. పైన ప్లాస్టిక్ చుట్టి కట్టు కట్టడం వైద్యుడు చెప్పనిదే చేయవద్దు, మందు ఎక్కువగా లోపలికి పోతుంది, మంట కూడా పెరుగుతుంది.

9. చేతులు సబ్బుతో కడుక్కోండి. అరచేతులకే వైద్యం చేస్తున్నవారికి ఇది వర్తించదు, వారు పడుకునే ముందు రాసుకుని నూలు చేతి తొడుగులు వేసుకోవచ్చు. మోచేతికి మందు రాసిన వేలితో కన్ను నులుముకోవడం, మరునాడు కనురెప్ప మండుతోందని భయపడడం తరచుగా జరిగేదే. కంట్లో పడితే నీటితో బాగా కడగండి.

10. మందు ఆరాక బట్టలు వేసుకోండి. జిడ్డుగా ఉండే ఆయింట్‌మెంట్‌ను రాత్రికి, తేలికగా ఇంకే క్రీమును ఉదయానికి అడిగి తీసుకుంటే రోజుకు రెండుసార్లు రాయడం భారమనిపించదు. ఆయింట్‌మెంట్ ఇంకిన బట్టలకు, దుప్పట్లకు నిప్పు త్వరగా అంటుకుంటుంది కనుక పొయ్యి దగ్గర, పొగతాగేవారి దగ్గర జాగ్రత్త.

ఒక పూట మరచిపోతే గుర్తొచ్చినప్పుడు రాయండి. తర్వాతి పూట దగ్గర పడితే వదిలేయండి, రెండింతలు రాయవద్దు.

చోటును బట్టి మార్పులు

తల. ఇక్కడ తప్పులు ఎక్కువ, ఎందుకంటే మందు చర్మానికి బదులు జుట్టుకే అంటుకుపోతుంది. జుట్టు ఆరి ఉండగా పాయలుగా విడదీసి, మచ్చ కనిపించేలా పట్టుకుని, చుక్కలుగా నేరుగా చర్మం మీద వేసి వేలికొనతో అద్దండి. జెల్ వాడుతుంటే రాత్రంతా ఉంచడం మంచిది. ఉదయం కడిగేటప్పుడు తలకు ముందు నీళ్లు పోయవద్దు: పొడి జుట్టు మీదే షాంపూ పట్టించి ఒకటి రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాత నీళ్లు పోయండి. లేకపోతే జిడ్డు వదలక, మరో రెండుసార్లు షాంపూ రుద్ది చర్మాన్ని ఎండబెట్టుకుంటారు. తలకు వాడే ద్రవంలో ఆల్కహాల్ ఉంటుంది, పగుళ్ల మీద పడితే బాగా మండుతుంది. అది మండే స్వభావం గలది కూడా, తడి ఆరకుండా నిప్పు దగ్గరకు వెళ్లవద్దు. నురగ రూపంలో వచ్చే డబ్బాలకూ ఈ జాగ్రత్తే వర్తిస్తుంది.

ముఖం, చంకలు, గజ్జలు, రొమ్ముల కింది మడతలు. ఇక్కడి చర్మం పలుచన. కాల్సిపోట్రియోల్ ముఖానికి సాధారణంగా వద్దనే చెబుతారు. సున్నితమైన చోట్ల కాల్సిట్రియోల్ తక్కువ చికాకు కలిగిస్తుంది కనుక వైద్యులు దానివైపు మొగ్గు చూపుతారు. మోచేతికి ఇచ్చిన ట్యూబును మీకు మీరుగా నుదుటికి రాయకండి.

గోళ్లు. ఓపిక ఉంటేనే మొదలుపెట్టండి. చేతి గోరు పూర్తిగా కొత్తది రావడానికే దాదాపు ఆరు నెలలు పడుతుంది, ఫలితం అంతకన్నా ముందు తేలదు.

స్టెరాయిడ్ కలిసిన మందు అయితే

ఇది త్వరగా పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. విటమిన్ డి మందు వల్ల కలిగే చికాకును స్టెరాయిడ్ అణచిపెడుతుంది, రెండూ కలిసి విడివిడిగా కన్నా బాగా పనిచేస్తాయి. కానీ దీన్ని మొదటి విడతగా సాధారణంగా నాలుగు వారాలు మాత్రమే వాడాలి. రోజుకు 15 గ్రాములు దాటకూడదు, శరీరంలో 30 శాతం కన్నా ఎక్కువ మేర రాయకూడదు. ముఖానికి, మడతలకు, జననేంద్రియాలకు వద్దు. ఎక్కువ కాలం రాస్తే చర్మం పలుచబడుతుంది, పెద్ద విస్తీర్ణంలో రాసి హఠాత్తుగా ఆపితే జబ్బు ఇంకా తీవ్రంగా తిరగబెట్టవచ్చు. నాలుగు వారాల తర్వాత ఏం చేయాలన్నది మొదటి రోజే అడిగి రాయించుకోండి. సాదా కాల్సిపోట్రియోల్‌కు మారడం ఒక పద్ధతి, వారంలో కొన్ని రోజులు మాత్రమే కలిపిన మందు రాయడం మరొకటి. సాదా విటమిన్ డి మందు చర్మాన్ని పలుచబరచదు, దీర్ఘకాలం వాడడానికి దాని అసలు విలువ అదే.

కాంతి చికిత్స తీసుకుంటున్నట్లయితే

మందు కాంతి చికిత్స తర్వాతే రాయాలి. అతినీలలోహిత ఎ కాంతి కాల్సిపోట్రియోల్‌ను విరగ్గొడుతుంది, పైగా ముందుగా పూసిన పొర కాంతిని చర్మానికి అందకుండా కొంత అడ్డుకుంటుంది. ఒకే పొరపాటుతో రెండు వైద్యాలూ బలహీనపడతాయి. కాంతి చికిత్స ఉన్న రోజు ఉదయపు పూటను చికిత్స అయ్యాకకు జరపండి. ఎండ విషయంలోనూ మితం పాటించండి, మందు రాసిన చర్మం ఎండకు త్వరగా కందవచ్చు.

తరచుగా జరిగే తప్పులు

శాలిసిలిక్ యాసిడ్‌తో కలపడం. తప్పులన్నిటిలో ఎక్కువ నష్టం చేసేది, కంటికి అసలు కనిపించనిది ఇదే. కాల్సిపోట్రియోల్ ఆమ్లాన్ని తట్టుకోలేదు, శాలిసిలిక్ యాసిడ్ తగిలితే నిర్వీర్యమైపోతుంది. పొలుసులు పోవడానికి ఇచ్చే అనేక ఆయింట్‌మెంట్లలో, చుండ్రు షాంపూలలో, కొన్ని స్టెరాయిడ్ మందులలో అది ఉంటుంది. లాక్టిక్ యాసిడ్ జాతి పదార్థాలున్న క్రీములతోనూ ఇదే చిక్కు. ఇంట్లో ఉన్న ప్రతి ట్యూబు వెనుక పదార్థాల జాబితా చదవండి. అలాంటివి వాడక తప్పకపోతే ఒకే మచ్చపై ఒకే పూట వద్దు, ఎలా ఎడం పెట్టాలో వైద్యుణ్ని అడగండి. "త్వరగా తగ్గాలని రెండూ కలిపి రాశాను" అనేవారు నిజానికి పనిచేసే మందును తమ చేతులతోనే పాడుచేసుకుంటున్నారు.

ట్యూబు ఎక్కువ రోజులు రావాలని అందులోని మందును వాసెలిన్‌లోనో మరో క్రీములోనో కలిపి పెట్టుకోవడం కూడా ఇలాంటిదే. పలచబడిన మందు ఎంత నిలుస్తుందో, ఎంత పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు.

వారానికే ఆపేయడం. మార్పు మొదలవడానికే సాధారణంగా రెండు వారాలు పడుతుంది, పూర్తి ప్రభావం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. స్టెరాయిడ్‌తో నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గడం చూసినవారికి ఈ నిదానం నచ్చదు, అది అర్థం చేసుకోదగినదే.

మచ్చ చదునయ్యాక కూడా రంగు పోయేదాకా రాస్తూ ఉండడం. పొలుసు, మందం పోయాక మిగిలే గోధుమ లేదా తెల్లటి మరక జబ్బు కాదు, అది ఆరిన గాయపు గుర్తు లాంటిది. నెలల్లో దానంతటదే చర్మపు రంగులో కలుస్తుంది. దాని మీద ఎంత మందు రాసినా త్వరపడదు.

ఒకరి ట్యూబు మరొకరు వాడడం, బొల్లి మచ్చలకు సొంతంగా రాసుకోవడం కూడా జరుగుతుంటాయి. బొల్లికి కాంతి చికిత్సతో పాటు ఈ మందును కొందరు వైద్యులు ఇస్తారు కానీ, ఫలితాలు అందరిలో ఒకేలా లేవు. సోరియాసిస్‌కు ఉన్నంత గట్టి ఆధారం అక్కడ లేదు.

పని చేస్తోందో లేదో చూసుకోవడం

అద్దంలో రోజూ చూసుకుంటే ఏమీ తెలియదు. ఈ పద్ధతి పాటించండి.

మొదలుపెట్టిన రోజున మూడు మచ్చలను ఎంచుకోండి, వాటిలో ఒకటి మొండిదై ఉండాలి. పగటి వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫొటో తీసి, ప్రతి రెండు వారాలకూ అదే చోట అలాగే తీయండి. ప్రతిసారీ పొలుసుకు, మందానికి, ఎరుపుకు విడివిడిగా 0 నుంచి 4 వరకు అంకె వేయండి: 0 అంటే అసలు లేదు, 4 అంటే అతి తీవ్రం. చామనఛాయ, నల్లని చర్మంపై ఎరుపు ఎర్రగా కాక ఊదాగానో బూడిద కలిసిన గోధుమ రంగులోనో కనిపిస్తుంది కనుక, పక్క చర్మంతో పోల్చి అంకె వేయండి.

తగ్గే క్రమం సాధారణంగా ఇలా ఉంటుంది: మొదట పొలుసు, తర్వాత మందం, చివరగా ఎరుపు. నాలుగో వారంలో ఎరుపు 3 దగ్గరే ఉండిపోయినా పొలుసు 3 నుంచి 1కి దిగితే మందు పని చేస్తున్నట్లే. ఫొటో కన్నా నమ్మదగిన పరీక్ష మరొకటి ఉంది: కళ్లు మూసుకుని వేలిని మామూలు చర్మం నుంచి మచ్చ మీదుగా అవతలి వైపుకు జరపండి. అంచు ఎక్కడ మొదలైందో వేలికి తెలియకపోతే అక్కడ రాయడం ఆపవచ్చు. మళ్లీ గరుకు తగిలిన రోజున, మచ్చ పెద్దదయ్యేదాకా ఆగకుండా, తిరిగి మొదలుపెట్టవచ్చు.

ట్యూబు మీద తెరిచిన తేదీ, అయిపోయిన తేదీ రాసి, మూడో మెట్టులో కట్టిన లెక్కతో సరిపోల్చండి. పది రోజులు రావలసిన ట్యూబు ఎనిమిది నుంచి పన్నెండు రోజుల మధ్య అయిపోతే మీ కొలత సరైనదే. నెల దాటి వస్తే తక్కువ రాస్తున్నారు. నాలుగు రోజుల్లోనే అయిపోతే మచ్చ దాటి రాస్తున్నారు, లేదా విస్తీర్ణం తక్కువ అంచనా వేశారు.

కొలత సరిగా ఉండి, కలపకూడనివి కలపకుండా, ఎనిమిది వారాలు గడిచినా అంకెలు కదలకపోతే అప్పుడు ఈ మందు మీకు చాలదని అనవచ్చు. ఫొటోలు, అంకెలు, ట్యూబుల తేదీలు తీసుకుని వైద్యుని దగ్గరకు వెళ్లండి. "పని చేయలేదు" అన్న ఒక్క మాటకన్నా ఆ కాగితం తదుపరి నిర్ణయానికి ఎంతో ఉపయోగపడుతుంది.

ఆగకుండా వెళ్లవలసిన సందర్భాలు

విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వికారం, కారణం తెలియని నీరసం, తికమక — ఇవి రక్తంలో కాల్షియం పెరిగినప్పటి లక్షణాలు. మోతాదు హద్దులో ఉన్నప్పుడు ఇది అరుదు, ఎక్కువ విస్తీర్ణంలో రాస్తున్నవారిలో, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో మాత్రం మరచిపోకూడనిది. మందు ఆపి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆపాక కాల్షియం సాధారణంగా మామూలు స్థితికి వస్తుంది. మచ్చల మీద చీము పొక్కులు లేచినా, ఎరుపు ఒళ్లంతా వేగంగా పాకినా, జ్వరం వచ్చినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు. కీళ్లు ఉదయం పూట బిగుసుకుపోయి వాస్తుంటే అది కూడా చెప్పండి. సోరియాసిస్ కీళ్లకూ రాగలదు, దానికి పైపూత మందు ఏమీ చేయలేదు.